హార్ల్‌బీ పాటిదిబ్బ

ఓవెన్‌లోంచి తీసిన క్లే ఇంకా వేడిగానే ఉంది. రాగిణి దాన్ని ముద్ద ముద్దగా తుంచి ఫోమ్ పలక మీద పెట్టి, అరచేత్తో అదిమి ముందుకు నెడుతోంది. కార్ల డిజైన్ స్టూడియోల్లో వాడే గోధుమరంగు క్లే అది. వేడి మీద వెన్నలా సాగుతుంది, చల్లారితే చెక్కలా బిగుస్తుంది, ఎన్నేళ్ళయినా ఎండి పగలదు. చల్లారేలోపు కింది పొర మొత్తం పరవాలి. అందుకే షెడ్డు తలుపు తీసుకుని శశికాంత్ లోపలికొచ్చినా ఆమె తల ఎత్తలేదు.

"అక్కా, అప్పుడే స్టార్ట్ చేసేశారా? ఇంకో మీటింగ్ పెట్టుకుందాం అనుకున్నానే."

"మీటింగులు నీకు, శశీ. నాకు క్లే చల్లారిపోతుంది. ముందు ఆ తలుపెయ్యి, చలి."

అతను తలుపు వేసి, కూర్చోడానికి శుభ్రమైన చోటు కోసం చూసి, దొరక్క నిలబడ్డాడు. శశికాంత్ నోవై అనే ఊళ్ళో ఐటీ ఉద్యోగి. స్నేహితులతో కలిసి ఒక కంపెనీ పెట్టి, ఊరికి పడమరగా, లాక్కొచ్చి నిలిపిన రేకు ఇళ్ళతో, రాగిణి ఉంటున్న ఈ ట్రైలర్ పార్కును కొన్నాడు. పార్కును ఖాళీ చేయించి ఇళ్ళు కట్టి అమ్మాలని వాళ్ళ ఆలోచన. కొత్త కాలనీ పేరు హార్ల్‌బీ మెడోస్. ఇంగ్లండ్‌లో ఎప్పుడో పాడుబడిపోయిన ఒక ఊరి పేరు అది. వినడానికి బాగుందని డిజైనర్ ఎవరో ఏరి పెట్టాడు. సేల్స్ ఆఫీసు మధ్యలో ఆ పాత ఊరి నమూనా ఒకటి పెద్ద బల్ల మీద ఉండాలని శశికాంత్ కోరిక.

"పచ్చగా ఉండాలక్కా. ఒక విరిగిన చర్చి, చుట్టూ గడ్డి, అంతా పీస్‌ఫుల్‌గా. మీ ఇంట్లో బొమ్మలకొలువు చూసినప్పుడే మా విద్య అంది, ఈ పని అక్క తప్ప ఎవరూ చెయ్యలేరని."

"సరే. మరి నా సంగతి?"

"మీ లాట్ నాకొదిలెయ్యండి. వెనక వరస మేం టచ్ చెయ్యం. అక్కడ పాండ్, చెట్లు వస్తాయి. మీ షెడ్డు ఆ చెట్లలో కలిసిపోతుంది. నేనున్నానుగా."

రాగిణి ఇంకేం అడగలేదు. తన చేతి గోంగూర తిని, అక్కా అని పిలిచేవాణ్ణి కాగితం మీద రాసిమ్మనడం ఆమెకు చేతకాలేదు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి చేతకాదు. బయటి డీలర్ దగ్గర కారు కొంటే ప్రతి పేజీ చదువుతారు. మనవాడి దగ్గర కొంటే ఒక్క పేజీ కూడా అడగరు.

ఆ లాట్ తప్ప ఆమెకు వేరే చోటు లేదు. భర్త రామమోహన్ కారు కంపెనీలో ఇంజనీరు. అతను పోయాక పెద్దిల్లు నిలబెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. పిల్లలు లేరు. అప్పటికే ఆమె ఒక స్టూడియోలో క్లే గదిలో పనిచేస్తోంది. మొదట ఓవెన్లు తుడవడానికి చేరింది. మోడలర్లు కారు ఒంపుని పళ్ళ రేకుతో ఎలా గీకుతున్నారో, చివర ఉక్కుపట్టీతో ఎలా నునుపు చేస్తున్నారో పక్కన నిలబడి చూసింది. మధ్యాహ్నం వాళ్ళు తిండికి వెళ్ళినప్పుడు పారేసిన ముక్కల మీద తను గీకి చూసుకుంది. ఒకరోజు ఒక తలుపు అంచు ఆమె చేత గీయించి, బాగుందో లేదో కూడా చెప్పకుండా రెండో తలుపు ఇచ్చారు. అలా మోడలర్ అయింది. తర్వాత మిల్లింగ్ మెషీన్లు వచ్చి క్లే గదిలో మనుషుల్ని తగ్గించాయి. వెళ్ళేటప్పుడు పాత క్లే పెట్టెలు పట్టుకెళ్ళమన్నారు. వాటిని పెట్టుకోడానికి షెడ్డు ఉందని ఈ ట్రైలర్ కొంది. ట్రైలర్ ఆమెది, షెడ్డు ఆమెది. కింది నేల పార్కుది.

"ట్రైలర్‌లోనా?" అని, తలో వంటకం తెచ్చి కలిసి తినే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో ఆడవాళ్ళు మొహమాటంగా నవ్వేవారు. "క్యాంపింగ్ లాగా ఉంటుందేమో అక్కా!" అని శశికాంత్ భార్య విద్య ఒకసారి పదిమందిలో అంది. కానీ దసరాకి అందరూ అదే ట్రైలర్ ముందు కార్లు ఆపి కొలువు చూసి వెళ్ళేవారు. బొమ్మల మెట్ల పక్కన రాగిణి ప్రతి ఏడూ ఒక పల్లె కట్టేది. పళ్ళేల్లో మట్టి పోసి, నానబెట్టిన ఆవాలు చల్లి, పండగ నాటికి సరిగ్గా వేలెడెత్తు పైరు వచ్చేలా చూసేది.

హార్ల్‌బీ కూడా అలాగే చెయ్యాలనుకుంది. ఏదైనా కట్టేముందు అదేమిటో తెలియాలి కాబట్టి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుంది. డిజైనర్ ఇచ్చిన విమానం ఫొటో, సర్వే ప్లాను గోడకు అంటించింది.

హార్ల్‌బీ ఇంగ్లండ్ నడిమధ్యలో ఉండేది. ఇప్పుడక్కడ ఉన్నది గడ్డి మాత్రమే. కానీ ఆ గడ్డి చదునుగా ఉండదు. ఊరి మధ్య వీధి, మనుషులూ ఎద్దుబళ్ళూ తరతరాలుగా నడిచి, నేలలోకి దిగబడిపోయింది. ఊరు పోయినా ఆ వీధి ఎండిన కాలవలా మిగిలింది. దానికి అటూ ఇటూ రాతి పునాదుల మీది మట్టిగోడల ఇళ్ళు కూలి, కరిగి, చదరపు దిబ్బలయ్యాయి. వెనక పెరళ్ళ గట్లు. గట్లు దాటితే పొలాలు. ఒకే వైపు మట్టి తిరగేస్తూ దున్నీ దున్నీ భూమి ముడతలు పడ్డ దుప్పటిలా అయిపోయింది. ఒక మూల చేపల చెరువు గుంట. ఇంకో మూల చర్చి. అందులో ఒక్క గోడ నిలబడి ఉంది.

ఉయ్యూరు వైపు ఇలాంటి చోటును పాటిదిబ్బ అంటారు. రాగిణి చిన్నప్పుడు పొలాలకి ఎరువుగా పాటిమన్ను తవ్వే కూలీల వెనక తిరిగి పెంకులు ఏరుకునేది. అందుకే ప్లాను చూడగానే ఆమెకు అర్థమైంది. ఏ ఎత్తు ఇల్లో, ఏ పల్లం దారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఊరు ఎందుకు పోయిందన్నదే ఆమె తప్పుగా అనుకుంది. ప్లేగు అనుకుంది. ప్లేగు వచ్చిన మాట నిజమే. సగం మందిని తీసుకుపోయింది. మిగిలినవాళ్ళు మళ్ళీ నాగలి పట్టి ఇంకో నాలుగైదు తరాలు అక్కడే బతికారు. ఆ తర్వాత ఊరి దొరకు గోధుమ కంటే ఉన్ని మీద ఎక్కువ వస్తుందని తెలిసింది. ఇళ్ళు కట్టుకున్నది జనమే, నేల మాత్రం దొరది. ఒక చలికాలంలో అతని మనుషులు వచ్చి ముందు గడ్డికప్పులు పీకేశారు. కప్పు లేని ఇంట్లో చలికి ఎవరూ ఉండలేరు కాబట్టి ఎవర్నీ చేత్తో గెంటాల్సిన అవసరం రాలేదు. తర్వాత దూలాలు లాక్కెళ్ళారు. జనం ఏడుస్తూ వెళ్ళారనీ, ఎక్కడికెళ్ళారో తెలియదనీ చాలా ఏళ్ళ తర్వాత రాజు జరిపించిన విచారణలో ఒక ముసలాయన చెప్పాడు. అంతకుమించి వాళ్ళ గురించి ఏమీ లేదు. అన్ని కుటుంబాలు దున్నిన చోట గొర్రెలకు ఒక కాపరి, ఒక కుక్క సరిపోయాయి.

తర్వాతిసారి శశికాంత్ వచ్చినప్పుడు ఆమె ఇదంతా చెప్పబోయింది.

"ప్లేగ్ అన్న మాట మాత్రం ఎక్కడా వద్దక్కా. కస్టమర్లు భయపడతారు. బ్రోచర్‌లో 'బెటర్ ఆపర్చునిటీస్ కోసం మూవ్ అయ్యారు' అని పెట్టాం."

"ప్లేగు కాదు శశీ. గొర్రెలు."

"గొర్రెలా? ఓ, క్యూట్‌గా ఉంటుంది! గొర్రెలు పెట్టండి. ఒక పది పదిహేను, తెల్లగా."

ముందు వరస ట్రైలర్ మార్జి ఈ కథ పూర్తిగా విన్నది. మార్జి ఎనభై దాటిన తెల్లావిడ, ఒంటరిది. కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టి రిటైరైంది. సాయంత్రాలు షెడ్డులో ఓవెన్ పక్కన వెచ్చగా కూర్చుని రాగిణి పనికి వంకలు పెట్టేది. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళు.

"నీ చర్చి గోడ వంకరగా ఉంది."

"అసలుది ఇంకా వంకర. ఫొటో చూడు."

"చూశాను. నువ్వు మర్యాదకి సరిచేశావు. దాన్ని అలాగే వదిలెయ్."

ఆమె అన్నది నిజం. రాగిణి ఆ గోడను తీసేసి మళ్ళీ కట్టింది.

మార్జి దొర గురించి వినేసి కుర్చీని ఓవెన్‌కి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. తర్వాత, "వచ్చే వారం టౌన్‌షిప్ బోర్డు మీటింగ్. పర్మిషన్లన్నీ ఇచ్చేది వాళ్ళే. పార్కు వాళ్ళందరం వెళ్తున్నాం. వసంతం దాకా ఎవర్నీ కదపొద్దని అడుగుతాం. మంచులో పాత ట్రైలర్ కదిలిస్తే విరిగిపోతుంది. నువ్వూ రావాలి. ఆ శశి నీ మనిషి. నీ మాటంటే వాళ్ళు వింటారు" అంది.

రాగిణి వెళ్ళింది. హాలు నిండిపోయింది. మార్జి తన కోటు పక్క కుర్చీలో వేసి ఆమెకు చోటు ఉంచింది. ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరికి వెళ్ళి మాట్లాడారు, కొందరు ఏడ్చారు. చివర్లో శశికాంత్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. తన కంపెనీ అందరినీ బాగా చూసుకుంటోందని ఇంగ్లీషులో చెప్పి, వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు.

"మా కమ్యూనిటీ సిస్టర్ ఒకరు అదే పార్కులో ఉంటున్నారు. రాగిణి గారూ, మీరు ఈ అరేంజ్‌మెంట్‌తో హ్యాపీనే కదా?"

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. రాగిణికి వెనక వరస కళ్ళముందు కనిపించింది. చెట్లు, పాండ్, వాటి మధ్య తన షెడ్డు. కాదంటే అది పోతుంది. అవునంటే మిగతా వరసలు పోతాయి. అవి ఎలాగూ పోయేవే అనుకుంది. తల ఊపింది. ఒక్కసారే, చిన్నగా.

బోర్డువాళ్ళకి అది చాలు. వసంతం దాకా ఆపాలన్న మాట పక్కన పెట్టేశారు. మార్జి, రాగిణి కుర్చీ వీపు మీదున్న తన కోటు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మంచు మొదలయ్యాక పార్కు రోడ్లు ఊడ్చే ట్రక్కు రావడం మానేసింది. తర్వాత రిపేరు పేరు చెప్పి ముందు వరసల నీళ్ళు ఆపేశారు. ఎవర్నీ ఎవరూ పొమ్మనలేదు. కొందరు ట్రైలర్లను అలాగే వదిలేసి బంధువుల ఇళ్ళకు పోయారు. మార్జి తనదాన్ని మేనల్లుడి స్థలానికి తరలిద్దామని మనుషుల్ని పిలిపించింది. జాకీలు పెట్టి లేపగానే తుప్పుపట్టిన చట్రం మధ్యలో విరిగింది. ట్రైలర్ వంటగది దగ్గర రెండుగా చీలింది. పసుపుపిట్టల కాగితం అంటించిన గోడ, తెరుచుకున్న అలమరాలు, వాటిలో తిరగేసి పెట్టిన కప్పులు అన్నీ రోడ్డు మీద వాళ్ళకు కనిపించాయి. పనివాళ్ళలో ఒకడు, "డాల్‌హౌస్!" అని నవ్వి ఫోన్ తీశాడు.

రాగిణి ఫ్లాస్కులో టీ పట్టుకుని మేనల్లుడి కారు దగ్గరికి వెళ్ళింది. మార్జి అద్దం కొంచెం మాత్రమే దించింది.

"మెడ ఎలా ఉంది? ఆ రోజు మీటింగ్‌లో తల ఊపావు కదా, నొప్పి పెట్టిందేమో అనుకున్నా."

అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది. రాగిణి టీ మంచులో పారబోసి షెడ్డులోకి వచ్చి పని అందుకుంది.

నమూనాలో ఇళ్ళ పని అప్పుడే మొదలైంది. శశికాంత్ అడిగింది పచ్చిక మాత్రమే. పైన గడ్డి కప్పేస్తే కింద ఏమున్నా ఎవరికీ తెలియదు. అయినా ఆమె ప్రతి దిబ్బ మీదా గోడల అడుగులు క్లేతో కట్టింది. వాకిలి ఎక్కడో, పొయ్యి ఎక్కడో, మనుషులుండే సగం ఎక్కడో, పశువులుండే సగం ఎక్కడో ప్లానులో ఉన్నట్టే పెట్టింది. దాని మీద సన్నటి మట్టి జల్లెడ పట్టి పోసి, తడి చేత్తో అణిచి, ఆవాలు చల్లింది. పైన లైట్లు వేలాడదీసి, మొలకెత్తేదాకా గోనెపట్టా కప్పింది.

మొలిచాక చూస్తే పైరు సమంగా రాలేదు. కొలువులో అలా వస్తే పారబోసి మళ్ళీ చల్లేది. పల్లపు దారిలో, కందకాల్లో మట్టి లోతుగా ఉండి మొక్కలు ముదురు పచ్చగా, ఒత్తుగా లేచాయి. గోడలున్న చోట వేరు క్లేకి తగిలి ఆగిపోయి, మొక్క పొట్టిగా, పసుపుగా ఉండిపోయింది. ఆ పసుపు గీతలు ఒకదాన్నొకటి కలుసుకుని గదులయ్యాయి. వాకిళ్ళ దగ్గర ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

ఆమె తిట్టుకుంటూ మట్టి గీకడానికి రేకు తీసింది. అప్పుడు గోడమీది విమానం ఫొటో కంటపడింది. ఎండాకాలంలో తీసిన ఫొటో అది. గడ్డిలో అవే పాలిపోయిన గీతలు, అవే గదులు. అక్కడ కూడా భూమి కింది గోడల్ని ఇలాగే బయటపెట్టింది. రాగిణి రేకు కిందపెట్టేసి నీళ్ళు కొట్టింది. అది పరీక్ష కోసం వేసిన పైరు. సేల్స్ ఆఫీసు ప్రారంభానికి లెక్క చూసుకుని దాన్ని కోసేసి, అలాగే మళ్ళీ చల్లింది.

శశికాంత్ చివరిసారి వచ్చేసరికి పార్కు మొత్తమ్మీద వెనక వరసలో ఆమె ట్రైలర్ ఒక్కటే మిగిలింది. అతను బూట్ల మంచు దులుపుకోకుండానే లోపలికొచ్చాడు.

"వావ్. టూ గుడ్ అక్కా! ఈ షేడ్స్ ఎలా తెచ్చారు? మరి గొర్రెలేవి?"

"చివర్న పెడతాను."

"ఆఁ. ఇంకోటక్కా, ఎలా చెప్పాలో..." ఫోన్ చూసుకుంటూ అన్నాడు. "పార్ట్‌నర్స్ పాండ్‌ని ఫ్రంట్‌కి షిఫ్ట్ చేశారు. వెనక వరస ప్రీమియం లాట్స్ అంట. నేను చాలా ఫైట్ చేశా. నా చేతిలో లేదు. మంత్ ఎండ్‌లోపు..."

రాగిణి చేతిలో ఉన్న నీళ్ళ సీసా బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్పావు కదా, శశీ."

"చెప్పాను, కానీ ఆఫీషియల్‌గా ఏం లేదు కదక్కా. మీరే ఆ రోజు మీటింగ్‌లో ఓకే అన్నారు. అది రికార్డ్‌లో ఉంది." అతని గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "విద్య వాళ్ళ కజిన్ షామ్‌బర్గ్‌లో, ఐదు గంటల డ్రైవంతే, పిల్లల్ని చూసుకోడానికి ఎవరైనా తెలుగావిడ కావాలంటోంది. బేస్‌మెంట్ రూమ్ ఇస్తారు. నేను మాట్లాడనా? ఈ బల్ల మాత్రం టైమ్‌కి అయిపోవాలక్కా, ఓపెనింగ్ ఉంది."

ఆమె అతని వైపు చూడకుండా బల్ల అంచున రాలిన మట్టి వేలితో కూడదీసింది.

"అవుతుంది. మీరు వెళ్ళండి."

అన్నేళ్ళలో ఆమె అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. అతను గమనించలేదు.

గొర్రెల్ని ఆమె ఓవెన్‌లో మిగిలిన ఆఖరి క్లే ముద్దతో చేసింది. ఒక్కోటి గోరంత. సన్నటి సూదితో ఉన్ని గీసింది, మొహాలకు నల్లరంగు వేసింది, కొన్నిటిని నిలబెట్టింది, ఎక్కువవాటిని పడుకోబెట్టింది. తడి నేల మీద గొర్రె పడుకోదు, కాస్త ఎత్తుగా, పొడిగా ఉన్న చోటు చూసుకుంటుంది. హార్ల్‌బీలో అలాంటి చోట్లు ఇళ్ళ దిబ్బలే. కాబట్టి గొర్రెల్ని ఇళ్ళలో పడుకోబెట్టింది. ఒకటి పొయ్యి ఉన్న చోట, రెండు వాకిట్లో.

మిగిలిన క్లే పెట్టెలు తీసుకెళ్తానని షామ్‌బర్గ్ ఆవిడకు ఫోన్ చేసి అడిగింది. "బేస్‌మెంట్‌లో స్మెల్ వస్తుందేమో ఆంటీ, పిల్లలు ఉంటారు కదా" అందావిడ. పెట్టెలన్నీ షెడ్డులోనే వదిలేసింది. పనిముట్లు మాత్రం ఒక తువ్వాలులో చుట్టుకుంది.

పొద్దున్నే ట్రక్కు వచ్చింది. బల్లను ఎక్కించేటప్పుడు ఆమె పక్కనే నిలబడి, ఏ మూల ముందు ఎత్తాలో, ఎక్కడ పట్టుకోకూడదో చెప్పింది. సేల్స్ ఆఫీసు గాజు గోడల్లోంచి పార్కంతా కనిపిస్తోంది. మంచు కరిగి, ట్రైలర్లు తీసేసిన చోట్లలో దీర్ఘచతురస్రాలుగా బురద తేలింది. బల్లను సరిగ్గా మధ్యలో దించి, దాని కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి మట్టం సరిచేసింది. ఒక గొర్రె ఒరిగిపోతే నిలబెట్టింది.

విద్య బొకేలు సర్దడం ఆపి వచ్చి వంగి చూసింది.

"ఎంత బావుందో అక్కా! ఈ పసుపు గీతలేంటి, డిజైనా?"

"గోడలు. ఇళ్ళుండేవి."

"అయ్యో. మరి వాళ్ళంతా ఎక్కడికెళ్ళారట?"

"తెలియదు. ఎవరూ రాసిపెట్టలేదు."

వెనకనుంచి శశికాంత్ నవ్వాడు. "అక్కా, కస్టమర్స్‌తో అలా చెప్పకండి, ప్లీజ్."

"నేనెందుకు చెప్తాను? నేనుండనుగా."

నీళ్ళ సీసా విద్య చేతికిచ్చింది. పొగమంచులా పడేలా మూత ఎంత తిప్పాలో చేసి చూపించింది. "ధారగా కొట్టకు, మట్టి కొట్టుకుపోయి గోడలు బయటపడతాయి. పైరు వాలిపోయాక కత్తెరతో కోసి మళ్ళీ చల్లుకోండి. ఆవాలు ఇందులో ఉన్నాయి." చిన్న పొట్లం బల్ల కింది అరలో పెట్టింది.

తర్వాత కొంగు నడుముకి దోపి, తడిగుడ్డతో బల్ల నాలుగంచులూ తుడిచింది. గుడ్డ పిండి మడిచి సంచిలో పెట్టుకుంది.

"అయిపోయింది. చూసుకోండి" అంది.